ముందు ప్రశ్న, తర్వాతే శాస్త్రం

అమ్మలూ,

హైదరాబాదులో నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని తెలిసిన రోజు భిలాయి మరోదా క్వార్టర్లలో మనవాళ్ళందరికీ నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు కోర్సువర్కు అయిపోవస్తోంది, సినాప్సిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడుతోంది, టాపిక్ కుదరక నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదని మీ నాన్న బెంగపడుతున్నాడు. "అత్తా, పెద్ద విషయాలన్నీ ఎవరో ఒకరు చేసేశారు. నాకు బాగా తెలిసింది మరోదా ఒక్కటే. దాని మీద ఏం రాస్తాను?" అన్నావు నాతో. ఆ మాటకే జవాబు చెబుదామని కూర్చున్నాను. ఉద్యోగకాలమంతా లైబ్రరీలో, అందులోనూ ఎక్కువగా థీసిస్‌ల అల్మరాల మధ్య గడిపినదాన్ని. ఎవరు దేని మీద పరిశోధన చేశారో, ఎవరిది నిలిచిందో, ఎవరిది దుమ్ముకొట్టుకుపోయిందో దగ్గరుండి చూశాను. ఆ చూసిందాన్ని బట్టే చెబుతున్నాను, విను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టాపిక్ కోసం వెతకడం మానేసి, ప్రశ్న కోసం వెతుకు. "భిలాయిలో తెలుగువారు" అనేది టాపిక్. దానికి ఒక మొదలూ ఉండదు, చివరా ఉండదు. ఎంత రాసినా ఇంకా మిగులుతుంది, ఎంత తక్కువ రాసినా తప్పు పట్టేవాడుండడు. "మూడో తరానికి వచ్చేసరికి మన ఇళ్ళలో అమ్మమ్మలతో తెలుగు, అన్నదమ్ములతో హిందీ ఎందుకయింది?" అనేది ప్రశ్న. దానికి జవాబు వెతకొచ్చు. ముందు అనుకున్న జవాబు తప్పని తేలినా అదీ ఒక ఫలితమే. ప్రశ్న గట్టిగా దొరికిందంటే, అది చరిత్రకు చెందుతుందో, భాషాశాస్త్రానికో, ఆర్థికశాస్త్రానికో ఆ ప్రశ్నే తేల్చి చెబుతుంది. ముందు శాస్త్రాన్ని పట్టుకుని, అందులో మర్యాదైన విషయం ఏముందా అని వెతికితే ఎవరో నడిచిన దారిలోనే తిరుగుతావు.

"అన్నీ చేసేశారు" అన్నావు కదా, అది ఎంతమాత్రం నిజం కాదు. మన తెలుగు విషయాలనే తీసుకో. కావ్యాలూ ప్రబంధాలే పరిశోధనకు తగినవనుకునే రోజుల్లో బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పనిచేసి 1956లో డాక్టరేటు అందుకున్నారు. నాట్లు వేసేటప్పుడు, తిరగలి విసిరేటప్పుడు పాడే పాటలకు విశ్వవిద్యాలయంలో కుర్చీ వేయించిన మనిషి ఆయన. ఎస్వీ జోగారావు గారు యక్షగానాల చరిత్రను తవ్వి తీశారు. ఆ పుస్తకం 1961లో వచ్చింది. మరుసటి ఏడాదే సినారె గారు ఆధునిక కవిత్వంలోని సంప్రదాయాల మీద, ప్రయోగాల మీద రాసిన సిద్ధాంతవ్యాసానికి పట్టా పుచ్చుకున్నారు. వెల్చేరు నారాయణరావు గారు మరో ప్రశ్న వేశారు. తెలుగులో కవిత్వం మళ్ళీ మళ్ళీ తిరగబడిందే, ఆ తిరుగుబాట్ల స్వరూపం ఏమిటి అని. ఈ నలుగురూ తెలుగు సాహిత్యంలోనే పనిచేసినవాళ్ళు. అయినా ఒకరి ప్రశ్న మరొకరిది కాలేదు.

సాహిత్యం దాటి వస్తే ఇంకా విశాలం. సినిమా హాలు ముందు కటౌట్లకు పాలాభిషేకం చేసే అభిమాన సంఘాలు పరిశోధనకు పనికొస్తాయా అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉండేవాళ్ళే. ఎస్వీ శ్రీనివాస్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరిగ్గా వాటినే పట్టుకుని, అభిమానం వెనక సినిమా వ్యాపారం ఎలా ఉంది, రాజకీయం ఎలా ఉంది అని తరచి చూశారు. ఆ దారినే సాగి 2009లో చిరంజీవి మీద ఒక గంభీరమైన పుస్తకం రాశారు. అదే తెలుగు నేల మీద సింథియా టాల్‌బట్ అనే అమెరికా చరిత్రకారిణి కాకతీయుల నాటి దానశాసనాలను వరసపెట్టి చదివారు. గుడికి ఎవరు ఏం ఇచ్చారు, తమ పేరు వెనక ఏం చెప్పుకున్నారు అన్న చిన్న చిన్న వివరాల నుంచి ఆనాటి సమాజం మనం ఊహించుకున్నంత బిగదీసుకుని లేదని చూపించారు. ఒకరికి గోడమీది పోస్టరు ఆధారం, ఇంకొకరికి రాతిమీది అక్షరం. రెండూ పరిశోధనే.

లీసా మిచెల్ అడిగిన ప్రశ్న నాకు మరీ ఇష్టం. భాష కోసం ప్రాణాలివ్వడం అనే ఆలోచన ఎప్పుడు పుట్టింది? అంతకుముందు మనుషులు భాషను వాడుకున్నారు గానీ, భాషను తల్లిగా తలచింది ఎప్పటినుంచి? 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు కన్నుమూసిన సంగతి మనందరికీ తెలుసు. ఆ వెంటనే జరిగిన అల్లర్లలో, రైల్వే స్టేషన్ల దగ్గర కాల్పుల్లో పోయిన మామూలు మనుషులు ఎవరు, వాళ్ళ ఇళ్ళలో ఆ రోజును ఎలా తలచుకుంటారు అని కూడా ఆమె ఆరా తీసింది. అఫ్సర్ గారు అనంతపురం జిల్లా గూగూడు వెళ్ళి, కుళ్ళాయప్ప పీరును హిందువులూ ముస్లిములూ కలిసి మొక్కే మొహర్రం పండుగ మీద పనిచేశారు. హర్షిత మృత్తింటి కామత్ కూచిపూడికి వెళ్ళి, మగవాళ్ళు ఆడవేషం కట్టడం వెనకున్న కులం, మగతనం, అధికారం మాటేమిటని అడిగింది. ఇవన్నీ చదివినప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది. మనం రోజూ చూసి పక్కకు తప్పుకుపోయే దానిలోనే ఎవరో ఒకరు ఆగి నిలబడ్డారు.

ఇప్పుడు నీ రెండో దిగులు. "నాకు తెలిసింది మరోదా ఒక్కటే." అమ్మలూ, నువ్వు కూర్చున్న హైదరాబాదుకీ, నువ్వు పుట్టిన ఈ ఛత్తీస్‌గఢ్‌కీ మధ్య పరిశోధకులు ఎప్పటినుంచో తిరుగుతూనే ఉన్నారు. శ్యామా చరణ్ దూబే గారు ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని కమార్ తెగ మీద పనిచేసి 1951లో పుస్తకం తెచ్చారు. తర్వాత ఉస్మానియాలో పాఠం చెబుతూ, రకరకాల శాఖల వాళ్ళను వెంటబెట్టుకుని హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను పరిశీలించారు. 1955లో వచ్చిన ఆ 'ఇండియన్ విలేజ్' ఈ రోజుకీ చదివే పుస్తకం. ఆయన భార్య లీలా దూబే గారు గోండు స్త్రీల జీవితం మీద డాక్టరేటు చేసి, తర్వాత లక్షద్వీప్‌లో ఇస్లాం పాటిస్తూనే తల్లి వైపు నుంచి వంశం లెక్కపెట్టే సమాజం గురించి రాశారు. వాళ్ళబ్బాయి సౌరభ్ దూబే చరిత్రలోకి వెళ్ళి, గురు ఘాసీదాస్ అనుచరులైన సత్నామీల గతాన్ని 1998లో పుస్తకంగా ఇచ్చారు. ఒకే ఇంట్లో ముగ్గురు, ముగ్గురికీ ఛత్తీస్‌గఢ్ తెలుసు, ముగ్గురి ప్రశ్నలూ వేరు.

జాయిస్ ఫ్లూకిగర్ పేరు నీ గైడును అడుగు. ఆమె ఛత్తీస్‌గఢ్‌లో ఆడవాళ్ళు పాడే పాటలు, భోజలీ పండుగ పాటలు, పండవానీ, చందైనీ కథాగానాలు వింటూ తిరిగి 1996లో ఒక పుస్తకం రాసింది. పాట ఎవరిది, దాన్ని ఆడవాళ్ళు పాడితే ఒక అర్థం, మగవాళ్ళు పాడితే మరో అర్థం ఎలా వస్తుంది అన్నది ఆమె ప్రశ్న. ఆ తర్వాత హైదరాబాదులో తాయెత్తులు రాసి, దువా చేసి బాధలు తీర్చే ఒక ముస్లిం అమ్మ దగ్గర కూర్చుంది. ఆపైన తిరుపతి గంగమ్మ జాతరకు వెళ్ళింది. ఆ జాతరలో మగవాళ్ళు ఆడవేషం వేస్తారే, దాని మీద 2013లో ఇంకో పుస్తకం. ఊరు మారింది, మతం మారింది, భాష మారింది. ఆడవాళ్ళ చేతిలో ఎలాంటి శక్తి ఉంటుంది అన్న ఆమె కుతూహలం మాత్రం అలాగే ఉంది. ప్రశ్న సొంతమైతే అది మనిషిని జీవితమంతా నడిపిస్తుందని చెప్పడానికే ఇంతగా చెబుతున్నాను.

ఇక మన భిలాయి. ఉక్కు కర్మాగారం కోసం రష్యావాళ్ళతో 1955లో ఒప్పందం జరిగి, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారి చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైందని నువ్వు బళ్ళోనే చదువుకున్నావు. మీ తాతయ్య పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఖలాసీగా చేరిన కథ ఇంట్లో విన్నావు. జొనాథన్ పారీ అనే లండన్ మానవశాస్త్రవేత్త 1990లలో ఇక్కడికి వచ్చి, మళ్ళీ మళ్ళీ వస్తూ, ప్లాంటు లోపలా చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఏళ్ళ తరబడి మనుషులతో మాట్లాడారు. అంతకుముందు ఆయన చేసిన పనులు చూడు. కాంగ్రాలో కులమూ పెళ్ళిళ్ళూ, కాశీలో చావూ కర్మకాండా. వాటి తర్వాత ఉక్కు కార్మికులు. 2020లో వచ్చిన ఆయన పెద్ద పుస్తకంలో చెప్పిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పర్మనెంటు ఉద్యోగం ఉన్నవాడూ ఠేకా కింద, అంటే కాంట్రాక్టు మీద, పనిచేసేవాడూ ఒకే గేటు దాటి లోపలికి వెళ్ళినా వాళ్ళు ఒకే వర్గం కారు. పెళ్ళిళ్ళలో, పిల్లల చదువుల్లో, ఇల్లు నడిపే తీరులో, చివరికి కష్టం వచ్చినప్పుడు మనసు విరిగే తీరులో కూడా ఆ తేడా కనిపిస్తుంది. ఆ పుస్తకం నువ్వు తప్పకుండా చదవాలి. చదువుతుంటే నీకు ఎన్నోచోట్ల "ఔను" అనిపిస్తుంది, కొన్నిచోట్ల "మా ఇంట్లో ఇలా కాదే" అనిపిస్తుంది. ఆ రెండోది అనిపించిన చోట పెన్సిలుతో గీత పెట్టుకో. నీ ప్రశ్న అక్కడే ఉండొచ్చు.

మరోదా చిన్నదని ఎందుకనుకుంటున్నావు? మన చెరువునే తీసుకో. దాని నీళ్ళు ప్లాంటుకి వెళ్తాయి. ఆ నీళ్ళు వచ్చే తాందుల ఆనకట్టను తెల్లదొరల కాలంలో వరిపొలాల కోసం కట్టారు. పొలాలకని కట్టిన నీటిలో ఉక్కుకు వాటా ఎలా ఏర్పడింది, ఆ మాటలు ఎవరెవరి మధ్య జరిగాయి అని అడిగావా, నువ్వు చరిత్ర విద్యార్థివి. ఆ కాగితాల కోసం రాయపూర్ చాలదు. ఈ ప్రాంతం నాగపూర్ కింద ఉన్న రోజులున్నాయి, భోపాల్ కింద ఉన్న రోజులున్నాయి, 2000 నవంబరు 1 తర్వాతే ఛత్తీస్‌గఢ్ అయింది. రికార్డులూ ఆ ఊళ్ళన్నీ తిరగాల్సిందే. వానలు తక్కువైన ఏడాది కాలువ చివరి రైతు ఏ పంట వేస్తాడు, ఎంత నష్టపోతాడు అని లెక్క కట్టావా, అది ఆర్థికశాస్త్రం. ప్లాంటు కోసం భూములిచ్చిన ఊళ్ళలో ఎవరికి నౌకరీ దొరికింది, దొరకని ఇంటి మనవలు ఇప్పుడెక్కడ ఉన్నారని ఇల్లిల్లూ తిరిగి అడిగావా, అది సమాజశాస్త్రం. 1970 నాటి ఠేకా కార్మికుల చట్టం కాగితం మీద ఏం చెప్పింది, గేటు దగ్గర ఏం జరిగింది అంటే న్యాయశాస్త్రం.

ఇంకా ఉన్నాయి. ఇటుకలూ సిమెంటూ మోసే రేజాలు, ఆ ఆడకూలీలు, ఈ టౌన్‌షిప్ కట్టినవాళ్ళలో ఉన్నారు. వాళ్ళ పని కథలు సేకరిస్తే అది స్త్రీల అధ్యయనం. రిటైరై క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు మనిషిలో ఏం జరుగుతుంది అంటే మనస్తత్వశాస్త్రం. సోవియట్ స్నేహానికి గుర్తుగా కట్టిన మైత్రీబాగ్‌లో పులులను చూపించి పిల్లలకు మనం ఏ దేశాన్ని గురించి ఏం చెప్పాం అంటే సంస్కృతి చరిత్ర. పక్కనే గనియారీలో పుట్టి, ఈ ప్లాంటులోనే ఉద్యోగం చేసిన తీజన్ బాయి నిలబడి పండవానీ పాడింది. ఆడవాళ్ళు కూర్చునే పాడాలన్న కట్టుబాటును దాటింది. 2019లో పద్మవిభూషణ్ అందుకుంది. పాటలో నిలబడటానికీ, కూర్చోవడానికీ ఉన్న తేడా నీకు ప్రశ్నగా తోస్తే అది సంగీతశాస్త్రం, రంగస్థల అధ్యయనం. సంగీతానికీ కళలకూ 1956 నుంచి ఒక విశ్వవిద్యాలయమే ఉంది, మనకు దగ్గర్లోని ఖైరాగఢ్‌లో. చెరువు నుంచి పాట దాకా ఇవన్నీ నువ్వు సైకిలు మీద తిరిగిన మేరలోనివే.

అయితే దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే నా మాట సగమే అవుతుంది. సొంత ఊరు బలం అవ్వాలి గానీ సంకెల కాకూడదు. నీది భిలాయి కాబట్టి భిలాయి మీదే రాయాలని, ఆడపిల్లవి కాబట్టి ఆడవాళ్ళ మీదే రాయాలని ఎవరైనా సలహా ఇస్తే వినయంగా విని ఊరుకో. అంబేద్కర్ గారిని చూడు. కులం ఆయన్ను ఎంత బాధపెట్టిందో లోకమంతటికీ తెలుసు. ఆయన కొలంబియాలో డాక్టరేటు తీసుకున్నది బ్రిటిష్ ఇండియాలో రాష్ట్ర ప్రభుత్వాల ఆదాయవ్యయాల మీద. లండన్‌లో డీఎస్సీ కోసం రాసింది రూపాయి సమస్య మీద, 1923లో. కులం గురించి రాయలేక కాదు, 1916లోనే రాశారు. డబ్బు మీదా, ప్రభుత్వ ఖజానా మీదా కూడా తనకు ప్రశ్నలున్నాయి కాబట్టి వాటినీ అడిగారు. నీకు గ్రీకు నాటకం మీద ప్రశ్న పుడితే గ్రీకు నేర్చుకో. తర్కశాస్త్రం మీద పుడితే అదే చెయ్యి. ఏ ప్రశ్నా నీ స్థాయికి మించింది కాదు.

సరైన ప్రశ్న దొరికిందని ఎలా తెలుస్తుంది? నేను థీసిస్‌లలో చూసిన గుర్తులు చెబుతాను. మంచి ప్రశ్నకు జవాబు ముందే తెలియదు. "కార్మికులు కష్టాల్లో ఉన్నారా?" అంటే ఔననే కదా అందరూ చెప్పేది, దానికి ఆరేళ్ళెందుకు? "ఒకే కాలనీలో ఒకే జీతం ఉన్న రెండు ఇళ్ళలో ఒక ఇంటివాళ్ళు అప్పులపాలై, రెండో ఇల్లు ఎందుకు నిలదొక్కుకుంది?" అంటే వెతకాలి. మంచి ప్రశ్నకు ఆధారం అందుబాటులో ఉంటుంది. మనుషులో, కాగితాలో, రాళ్ళో, పాటలో, ఏదో ఒకటి నీ చేతికి అందాలి. మూడో గుర్తు, ఆ ప్రశ్నను మీ అమ్మకు రెండు మాటల్లో చెబితే ఆమెకు అర్థం కావాలి. అర్థం కాలేదంటే నీకే ఇంకా తేటపడలేదన్నమాట.

చదవడం గురించి ఒక మాట. మా రోజుల్లో ఒక థీసిస్ చూడాలంటే ఆ ఊరు వెళ్ళి, అనుమతి రాయించుకుని, అక్కడే కూర్చుని నోట్సు రాసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో పెడుతున్నారు, ఇంట్లో కూర్చునే తెరిచి చూడొచ్చు. నీ శాఖవే కాకుండా పక్క శాఖలవీ చదువు. రాజనీతిశాస్త్రం వాళ్ళు ఎన్నికలను ఎలా చదువుతారో, భూగోళశాస్త్రం వాళ్ళు పటాన్ని ఎలా వాడతారో చూస్తే నీ ప్రశ్నకు కొత్త పనిముట్టు దొరుకుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెన్సిల్వేనియాలో తెలుగు ధాతువుల మీద 1957లో డాక్టరేటు చేసివచ్చి, అంతటితో ఆగక రైతుల దగ్గరికి మనుషులను పంపి వ్యవసాయ పదాలు సేకరింపజేశారు. మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. గ్రంథాలయమూ పొలమూ రెండూ ఆయనకు బడులే. నీకూ అలాగే ఉండాలి. ఒకటి చూసుకో, ఇతరుల వాక్యం ఎంత నచ్చినా, ఎంత అలసిపోయి ఉన్నా, వాళ్ళ పేరు చెప్పకుండా నీ కాగితం మీదకి రానివ్వకు. కాపీని కంప్యూటరు పట్టుకుంటుందన్న భయంతో కాదు, నీ మాట నీదిగా ఉండాలన్న పట్టుదలతో.

ఫీల్డ్‌వర్కుకు వెళ్ళినప్పుడు నీకు ఒక గొప్ప ఆస్తి ఉంది. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ నీకు నోటికొచ్చు. ఎదుటివాళ్ళు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే ముందు రాసుకో, ఇంగ్లీషు తర్వాత. రాసుకున్నదాన్ని వేర్వేరు చోట్ల దాచుకో. ఎం.ఎన్. శ్రీనివాస్ గారు మైసూరు దగ్గరి రాంపుర ఊరి మీద తయారుచేసుకున్న నోట్సు ప్రతులు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెట్టడంతో కాలిపోయాయి. ఆయన కుంగిపోయి కూడా, జ్ఞాపకం నుంచే ఆ ఊరిని మళ్ళీ నిలబెట్టి 1976లో పుస్తకం రాశారు. అంతటి జ్ఞాపకశక్తి అందరికీ ఉండదు. నీ నోట్సు ఒకటి నీ దగ్గర, ఒకటి మరోదాలో, ఒకటి ఆన్‌లైన్‌లో ఉండాలి. ఇది ఆజ్ఞ అనుకో.

మనుషుల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండు తల్లీ. ఠేకా కార్మికుడు నీకు నమ్మకంగా చెప్పిన ఒక్క మాట అచ్చులో పేరుతో వస్తే రేపు అతని పని పోవచ్చు. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి గారిని 1991 సెప్టెంబరు 28న ఈ భిలాయిలోనే చంపారు. మరుసటి ఏడాది జులై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర కార్మికుల మీద కాల్పులు జరిగాయి. ఆ ఇళ్ళలో పోయినవాళ్ళ ఫోటోలు ఇంకా గోడల మీద ఉన్నాయి. అలాంటి గడప తొక్కితే నువ్వు ఎందుకు వచ్చావో, ఏం రాస్తావో, ఎక్కడ అచ్చవుతుందో ముందే చెప్పు. చెప్పనంటే బలవంతపెట్టకు. చెప్పాక వద్దంటే తీసెయ్యి. ఏ సాయమూ చేయలేనప్పుడు చేస్తానని మాటివ్వకు. రాసింది పూర్తయ్యాక వాళ్ళ భాషలో వాళ్ళకు చదివి వినిపించు. వాళ్ళు "ఇది మా మాటే" అంటే నీకు అంతకన్నా పెద్ద వైవా లేదు.

గైడు పేరుకన్నా, నువ్వు ఇచ్చిన కాగితం చదివి ఎర్రసిరాతో తిరిగిచ్చే గుణం ఎక్కువ విలువైనది. ఆ గైడు దగ్గర చేసిన సీనియర్లను అడిగి తెలుసుకో. ప్రశ్న మార్చుకోమని గైడు అంటే కారణం అడుగు. కారణం బాగుంటే మార్చుకో, గైడు సొంత పనికి నిన్ను సాయంగా వాడుకోవాలని మాత్రమే అయితే మర్యాదగా నీ మాట మీద నిలబడు. యూజీసీ నిబంధనల ప్రకారం తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఆరేళ్ళు. తప్పనిసరైతే మళ్ళీ నమోదు చేసుకుని మరికొంత గడువు తీసుకోవచ్చు, ఆడవాళ్ళకు అదనపు వెసులుబాటూ ఉంది. అయినా మొదటి ఏడాది నుంచే రాయడం మొదలుపెట్టు. అన్నీ చదివాక రాస్తానన్నవాళ్ళు చదువుతూనే ఉండిపోవడం నేను కళ్ళారా చూశాను.

డబ్బు సంగతీ దాచకుండా చెబుతాను. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ అయ్యాక 42,000. అది రాకపోతే బతుకు కొంచెం బిగువే. వచ్చినా ఆలస్యమయ్యే నెలలుంటాయి, అందుకని మొదటి నెల నుంచే కొంత పక్కన పెట్టుకో. ఈ చదువు అయ్యాక ఉద్యోగం వెంటనే దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. అందుకే చదువుతూనే పాఠం చెప్పడం, అనువాదం చేయడం, సర్వే నడపడం, పాత కాగితాలను భద్రపరచడం లాంటి పనులు నేర్చుకో. పెళ్ళి మాట ఇంట్లో వస్తూనే ఉంటుంది. మీ నాన్నతో నేను మాట్లాడతాను. నీకు కావాలనిపించినప్పుడు చేసుకో, వద్దనిపిస్తే వద్దు, ఎవరి తొందర కోసమో థీసిస్ మధ్యలో వదిలెయ్యకు. వేళకు తిను. సంక్రాంతికీ దసరాకూ ఇంటికి రా. వంచిన తల ఎత్తకుండా ఆరేళ్ళు కూర్చుంటే ప్రశ్న కూడా అలిసిపోతుంది.

ఇంతసేపు చెప్పింది చేతల్లో పెట్టడానికి ఈ వారం ఒక్క పని చెయ్యి. ఒక కాగితం మీద నీ ప్రశ్నను ఒక్క వాక్యంలో తెలుగులో రాయి. దాని కింద మూడు సంగతులు రాయి. ఎవరిని అడిగితే, ఏది చూస్తే జవాబు దొరుకుతుందో. ఇంతకుముందు ఆ చుట్టుపక్కల ఎవరు ఏం చెప్పారో. జవాబు తెలిస్తే ఎవరి ఆలోచనలో ఏం మారుతుందో. పేజీ దాటనివ్వకు. ఏ శాస్త్రం అన్నది మాత్రం అందులో రాయకు. ఆ పేజీ నాకు పంపు, మీ గైడుకూ చూపించు. ఇద్దరం చదివి అది ఏ శాఖ గుమ్మం తడుతోందో చెబుతాం. నాకు వేరేలా తోస్తే వేరేలాగే రాస్తాను, నీకు నచ్చకపోతే నాతో వాదించు. వాదనకు నిలబడిన ప్రశ్నతోనే సినాప్సిస్ మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ అత్త
మరోదా, భిలాయి